అండమాన్‌లో డిసెంబరు వారం: ఫోన్‌లో వాన బొమ్మ చూసి టికెట్లు రద్దు చేసుకోవద్దు

ప్రొద్దుటూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. డిసెంబరు మూడో వారంలో అమ్మానాయనలను తీసుకుని ఏడు రోజులు అండమాన్ వెళ్తున్నారు. ఎర్రగుంట్లలో రైలెక్కి చెన్నై, అక్కడి నుంచి విమానం. టికెట్లు, హోటళ్లు అన్నీ అయిపోయాయి. ఇప్పుడు ఫోన్‌లో చూస్తే ఏడు రోజులకు ఏడు రోజులూ మబ్బు, వాన, మెరుపు బొమ్మలే. "డబ్బులు పోయినా సరే రద్దు చేసుకోమంటారా? అమ్మకు మోకాళ్ల నొప్పులు, వానలో ఇరుక్కుంటే ఎలా?" అని టెన్షన్ పడుతున్నారు.

రద్దు చేసుకోవద్దు, వెళ్లండి. ఆ బొమ్మల్లో ఉన్న వానతో మీ ప్రయాణం చెడదు. అక్కడ చలికాలంలో ప్రయాణాన్ని చెడగొట్టేది గాలి. దక్షిణ అండమాన్ సముద్రంలో అల్పపీడనం లేకపోతే మీరు చూసే వాన అరగంట జల్లు. అల్పపీడనం ఉంటే రోజుల వరుస మార్చుకోవాలి. అది వాయుగుండంగా మారుతుందని వాతావరణ శాఖ చెబితే అప్పుడు మాత్రం తేదీలు జరుపుకోండి. ఈ మూడింటిలో మీ వారం ఏదో ఇప్పుడు, పది రోజుల ముందు, ఏ ఫోనూ గట్టిగా చెప్పలేదు. బయల్దేరే నాలుగైదు రోజుల ముందు తెలుస్తుంది.

నేను ఎందుకు ఇంత ధైర్యంగా చెబుతున్నానో కూడా చెప్పాలి. మాది కల్యాణదుర్గం దగ్గర పల్లె. వాతావరణ శాఖలో అబ్జర్వర్‌గా పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు అనంతపురంలో ఉంటున్నాను. సర్వీసులో పదకొండేళ్లు పోర్ట్‌బ్లెయిర్‌లో గడిచాయి. 2024 నుంచి ఆ ఊరి పేరు శ్రీవిజయపురం, నాకు మాత్రం పాత పేరే నోటికి వస్తుంది. పొద్దున 8:30కి వానకొలతలో నీళ్లు చూడడం, పీడనం, గాలి దిక్కు, మబ్బు రకం రాయడం, మళ్లీ సాయంత్రం 5:30కి అదే పని. పదకొండు చలికాలాలు ఆ సముద్రాన్నే చూస్తూ గడిపాను.

మొదట ఒక సంగతి. మన రాయలసీమ వాళ్లం డిసెంబరు వాన అనగానే ముసురు అనుకుంటాం. మనకు తెలిసిన చలికాలపు వాన అదే. బంగాళాఖాతంలో ఏదో పుడుతుంది, రెండు మూడు రోజులు ఆకాశం బూడిద రంగుకు తిరుగుతుంది, సన్నగా పడుతూనే ఉంటుంది, సూర్యుడు కనిపించడు, బట్టలు ఆరవు. ఫోన్‌లో ఏడు రోజులు వాన బొమ్మ చూడగానే ఏడు రోజుల ముసురు కళ్ల ముందుకు వస్తుంది. మీ భయం అక్కడి నుంచే వచ్చిందనుకుంటాను. అండమాన్‌లో మామూలు రోజుల్లో పడేది ముసురు కాదు, జల్లు. పెద్ద పెద్ద చినుకులతో ఉన్నట్టుండి కురుస్తుంది, ఇరవై నిమిషాలకు వెలిసిపోతుంది, ఇంకో పది నిమిషాలకు రోడ్డు మీద ఆవిరి లేస్తుంది. ఆ జల్లు కూడా మీరున్న వీధిలో పడి పక్క వీధిలో పడకపోవచ్చు.

ఎందుకలా అంటే, అనంతపురం చుట్టూ వందల కిలోమీటర్లు భూమి. పడమటి కనుమలు అడ్డం, తూర్పు తీరం దూరం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చొప్పున పడుతుంది, అది కూడా నమ్మకం లేదు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఏడాది వాన సుమారు 3000 మిల్లీమీటర్లు. చుట్టూ సముద్రం, ఆ నీళ్లు చలికాలంలో కూడా 27, 28 డిగ్రీల వెచ్చదనంతో ఉంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. మయన్మార్ వైపు నుంచి పొడిగా బయల్దేరిన ఆ గాలి వందల కిలోమీటర్ల వెచ్చని నీళ్ల మీదుగా వచ్చేసరికి తేమతో నిండిపోతుంది. దీవి కొండలకు తగిలి కాస్త పైకి లేస్తే చాలు, జల్లు పడుతుంది.

ఇందులో కొత్తవాళ్లను ఆశ్చర్యపరిచేది వేళ. మన దగ్గర ఉరుముల వాన సాయంత్రం వస్తుంది, ఎండకు నేల కాగి మబ్బు లేస్తుంది కాబట్టి. సముద్రం మీద అలా కాదు. రాత్రంతా మబ్బుల పైభాగం చల్లబడుతుంది, కింద నీళ్లు మాత్రం వెచ్చగానే ఉంటాయి. పైకీ కిందికీ తేడా పెరిగి తెల్లవారుజామున మబ్బు బలంగా లేస్తుంది. అందుకే నా పుస్తకంలో పొద్దున 8:30కి వానకొలతలో నీళ్లు ఉన్న రోజులు చాలా, ఆ నీళ్లు పడేటప్పుడు మెలకువగా ఉన్నవాళ్లు తక్కువ. మీ ఫోన్ ఆ తెల్లవారుజాము జల్లుకు కూడా రోజంతటికీ కలిపి ఒకటే వాన బొమ్మ వేస్తుంది. అరవై శాతం వాన అని ఉంటే, రోజులో అరవై శాతం సేపు వాన అని కాదు. ఆ చోట, ఆ వ్యవధిలో, ఎంతో కొంత వాన పడే అవకాశం అంత అని. చినుకు పడ్డా లెక్కే.

ఫోన్‌లో లెక్కలు కట్టే పద్ధతి ఇంకో ఇబ్బంది. ఆ లెక్కలు భూమిని గళ్లు గళ్లుగా కోసి చేస్తాయి, ఒక్కో గడి వెడల్పు తొమ్మిది కిలోమీటర్ల నుంచి పాతిక దాకా ఉండొచ్చు. స్వరాజ్ ద్వీప్, అంటే పాత హేవ్‌లాక్, మొత్తం కలిపి ఒకటి రెండు గళ్లలో ఇమిడిపోతుంది. అందులో ఏ బీచ్ మీద జల్లు పడుతుందో ఆ లెక్కకు తెలిసే దారి లేదు.

ఇక ఒక వారం కథ చెబుతాను. మూల కార్తెలో, అంటే డిసెంబరు రెండో సగంలో వచ్చిన ఒక వారం, మా చెల్లెలి కుటుంబం తాడిపత్రి నుంచి మా ఇంటికి వచ్చింది. నా పదకొండేళ్లలో బాగా గుర్తుండిపోయిన వారం అది, మీ ప్రశ్నకు జవాబు మొత్తం అందులోనే ఉంది.

మొదటి రోజు ఆకాశం నీలంగా, అక్కడక్కడ దూది మబ్బులు, ఈశాన్యపు గాలి హాయిగా. మా బావ సెల్యులార్ జైలు చూసి వచ్చి, "ఇక్కడ వానలంటారు, ఏదీ?" అన్నాడు. రెండో రోజు తెల్లవారుజామున నాలుగుకు జల్లు కొట్టింది. పిల్లలు లేవనే లేదు. ఎనిమిదింటికి ఆకాశం కడిగినట్టుంది. ఆ రోజు మధ్యాహ్నం బోటెక్కి హేవ్‌లాక్ వెళ్లారు.

మూడో రోజు ఎండ ఇంకా బాగా కాసింది. వాళ్లు రాధానగర్ బీచ్‌లో సాయంత్రం దాకా నీళ్లలోనే ఉన్నారు. ఇక్కడ ఆఫీసులో నా ముందున్న అంకెలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. గాలి పీడనం ముందు రోజు అదే వేళ కంటే రెండు హెక్టోపాస్కల్స్ (పీడనాన్ని కొలిచే లెక్క) తక్కువ. ఆగ్నేయం నుంచి సన్నని పై మబ్బు పొరలాగా పాకుతోంది. గాలి పెద్దగా పెరగలేదు. కానీ జెట్టీ దగ్గర నిలబడి చూస్తే నీళ్ల ఊపు మారింది. దగ్గరి గాలికి లేచే చిన్న అలలు చిటపటగా ఉంటాయి. ఇవి అలా కాదు, ఒకదానికీ ఒకదానికీ మధ్య ఎక్కువ ఎడంతో, బరువుగా, తీరిగ్గా వస్తున్నాయి. ఎక్కడో దూరంగా గాలి బలంగా వీస్తుంటే ఆ ఊపు గాలి కంటే ముందే మన దగ్గరికి చేరుతుంది.

ఆ సాయంత్రం బావకు ఫోన్ చేసి, రేపు పొద్దున మొదటి బోటుకు వచ్చేయండి అన్నాను. "ఇక్కడ ఎండ చూడు బావా, ఎందుకు తొందర? ఎల్లుండి వస్తాం లే" అన్నాడు. నేను గట్టిగా చెప్పలేదు. సెలవు పెట్టుకుని వచ్చినవాళ్లు, పిల్లలు ఆడుకుంటున్నారు, చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను. అలా ఊరుకున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నాలుగో రోజు తెల్లారేసరికి ఆకాశం మొత్తం మూసుకుపోయింది. దక్షిణ అండమాన్ సముద్రంలో అల్పపీడనం ఏర్పడిందని బులెటిన్ వచ్చింది. ఈదురుగాలి విడతలు విడతలుగా కొట్టడం మొదలైంది, గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు జరిగింది. మధ్యాహ్నానికి రేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగిరింది. బోట్లు ఆగిపోయాయి. ఐదో రోజు మన ముసురే, కానీ మన ముసురుకు నాలుగింతల బలంతో. మర్నాడు పొద్దున కొలిస్తే 24 గంటల వాన 70 మిల్లీమీటర్లు దాటింది. వాతావరణ శాఖ లెక్కలో 64.5 దాటితే భారీ వాన. ఆ రోజు గాలి ఆగ్నేయానికి తిరిగింది.

ఆరో రోజు పదకొండింటికి వాన ఆగింది, ఎండ వచ్చింది. చెల్లెలు ఫోన్ చేసి, "అన్నా, ఇక్కడ ఎండ కాస్తోంది, అయినా బోట్లు వదలడం లేదు, ఎందుకు?" అని ఏడుపు గొంతుతో అడిగింది. వాళ్ల తిరుగు విమానం ఆ మధ్యాహ్నమే. ఎండ వచ్చినంత మాత్రాన సముద్రం సర్దుకోదు తమ్ముడూ. గాలి ఆగినా ఊపు ఇంకో పూట, ఒక్కోసారి ఒక రోజు ఉంటుంది. రేవు వాళ్లు చూసేది అలను, మబ్బును కాదు. వాళ్లు ఏడో రోజు పొద్దున వచ్చారు. విమానం టికెట్లు పోయాయి, కొత్తవి రెట్టింపు ధరకు కొన్నారు.

ఏడో రోజు మాత్రం నేను అక్కడ చూసిన అందమైన రోజుల్లో ఒకటి. గాలిలో దుమ్ము లేదు, ఎదుటి కొండ మీద చెట్టు చెట్టూ విడివిడిగా కనిపిస్తోంది, నీళ్లు అద్దంలా ఉన్నాయి. అల్పపీడనం వెళ్లిపోయిన మర్నాడు తరచుగా అలాగే ఉంటుంది.

ఈ వారాన్ని ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, మీ ఫోన్‌లో ఈ ఏడు రోజులకూ ఒకే వాన బొమ్మ ఉండేది. రెండో రోజు జల్లుకూ, ఐదో రోజు వానకూ ఆ బొమ్మ తేడా చూపదు.

మరి తేడా ఎలా తెలుసుకోవాలి? వాన కాలమ్ వదిలేసి గాలి, పీడనం చూడండి. చాలా ఫోన్లలో పీడనం కూడా కనిపిస్తుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. ఉష్ణమండలంలో పీడనం రోజుకు రెండుసార్లు తనంతట తానే పెరిగి తగ్గుతుంది. పొద్దున పదింటికీ రాత్రి పదింటికీ ఎక్కువ, తెల్లవారుజామున నాలుగుకూ సాయంత్రం నాలుగుకూ తక్కువ. ఈ ఊగడమే దాదాపు మూడు హెక్టోపాస్కల్స్ ఉంటుంది. పొద్దున 1012 ఉండి సాయంత్రం 1009 అయితే తుపాను వస్తోందని కంగారు పడకండి, అది రోజూ జరిగేదే. ఈరోజు పొద్దున పదింటి అంకెను నిన్న పొద్దున పదింటి అంకెతోనే పోల్చండి. అలా పోల్చినప్పుడు ఒక్క రోజులో రెండు మూడు తగ్గిందంటే జాగ్రత్త పడాల్సిందే.

గాలి దిక్కు ఇంకో సంగతి చెబుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే, మనం భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నాం కాబట్టి, అల్పపీడనం మన ఎడమ చేతి వైపు ఉంటుంది. ఈశాన్యపు గాలికి వీపు పెడితే ఎడమ చెయ్యి ఆగ్నేయాన్ని చూపిస్తుంది. గాలి తూర్పుకు తిరిగితే అది మనకు దక్షిణంగా వచ్చినట్టు, ఆగ్నేయానికి తిరిగితే నైరుతికి దాటిపోతున్నట్టు. పైన చెప్పిన నాలుగు, ఐదు రోజుల్లో గాలి అలా తిరిగిందని రాశాను కదా, అల్పపీడనం మాకు దక్షిణం నుంచి పడమటికి దాటిందని ఆఫీసులో కిటికీ దగ్గర నిలబడే తెలుసుకున్నాం. గాలి ఉత్తరానికి, వాయవ్యానికి తిరిగితే అది మనకు ఉత్తరంగా పోతోందని అర్థం.

ఇదంతా చూసుకునే ఓపిక లేకపోతే బులెటిన్ చదవండి. వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో రోజూ వస్తుంది. ఆ భాష కాస్త అలవాటు చేసుకోవాలి. "ఒకటి రెండు చోట్ల" అంటే వానకొలతలున్న కేంద్రాల్లో పాతిక శాతం లోపు అని. "కొన్ని చోట్ల" అంటే సగం దాకా. "చాలా చోట్ల" అంటే సగానికి పైన, ముప్పాతిక దాకా. ఆ పైన "అన్ని చోట్లా" అనే అర్థంలో రాస్తారు. చలికాలంలో అండమాన్‌కు "ఒకటి రెండు చోట్ల" అని ఉంటే నిశ్చింతగా వెళ్లండి. "చాలా చోట్ల" అని ఉండి, పక్కనే "ఈదురుగాలులు గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు" అని ఉంటే, ఆ రోజు మీరు దీవుల మధ్య బోటు మీద ఉండకూడదు. మత్స్యకారుల హెచ్చరిక మనకు సంబంధం లేదని యాత్రికులు దాటేస్తుంటారు, అందులో అన్నిటికంటే పనికొచ్చే వాక్యం అదే. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని సముద్ర సమాచార కేంద్రం ఉంది, అలలు ఎంత ఎత్తు లేస్తాయో వాళ్లు చెబుతారు, అది కూడా చూడొచ్చు.

పోర్ట్‌బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ వైపు వెళ్తే మన తెలుగు మత్స్యకారులు కనిపిస్తారు, శ్రీకాకుళం వైపు నుంచి తరాల కిందట వెళ్లి స్థిరపడినవాళ్లు. సెలవు రోజుల్లో వాళ్ల దగ్గర కూర్చునేవాణ్ని. నా పరికరాలు చెప్పే మాటను వాళ్లు నీళ్ల ఊపు చూసి చెప్పేవాళ్లు, చాలాసార్లు నాకంటే ముందే. వాళ్లు పడవలు పైకి లాగి కడుతున్నారంటే ఇంకెవరినీ అడగక్కర్లేదు.

పదాల వరుస కూడా తెలుసుకోండి. అల్పపీడనం మొదటి మెట్టు. గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 నుంచి తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను. మన తీరాన్ని తాకే చాలా తుపాన్లు మొదట అల్పపీడనంగా పుట్టేది అండమాన్ పరిసరాల్లోనే. 2013 నవంబరు చివర లెహర్ తుపాను అండమాన్‌ను దాటి మచిలీపట్నం వైపు వచ్చింది, దారిలోనే బలహీనపడింది. 2016 డిసెంబరు మొదటి వారంలో వార్దాగా మారిన వాయుగుండం అండమాన్ దగ్గరే బలపడింది, హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా యాత్రికులు చిక్కుకుపోతే నౌకాదళం, కోస్ట్‌గార్డ్ ఓడలు వెళ్లి తీసుకువచ్చాయి. జనవరి అయితే భయం లేదని కూడా అనలేం, 2019 జనవరిలో పబుక్ థాయ్‌లాండ్ దాటి అండమాన్ సముద్రంలోకి వచ్చింది. కానీ అలాంటివి అరుదు. డిసెంబరు మొదటి సగం కాస్త తడి, రెండో సగం మెరుగు, జనవరి మధ్య నుంచి మార్చి దాకా పొడి. మీది మూడో వారం. మంచి వైపుకు మొగ్గిన వారమే.

ఇప్పుడు మీ ఏడు రోజులు ఎలా పెట్టుకోవాలో నా సలహా. దూరపు దీవులను ముందు చూసేయండి, చివరి రెండు రాత్రులు పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండండి. చాలామంది జైలు, మ్యూజియం, రాస్ దీవి ముందే చూసేసి, హేవ్‌లాక్ చివర పెట్టుకుని, అక్కడి నుంచి నేరుగా విమానానికి పరుగెడతారు. మా చెల్లెలు వాళ్లు చేసింది అదే. బోటు ఒక్క రోజు ఆగినా విమానం పోతుంది. జైలు ఎక్కడికీ పోదు, చివర చూడొచ్చు, వానలో కూడా చూడొచ్చు. బోటు ఎప్పుడూ పొద్దున పూటదే తీసుకోండి. పొద్దునది రద్దయితే మధ్యాహ్నానికి ఆశ ఉంటుంది, మధ్యాహ్నానిది రద్దయితే ఆ రోజు అయిపోయినట్టే.

బీచ్ ఎంచుకోవడానికి గాలి దిక్కు చాలు. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి కాబట్టి దీవులకు తూర్పు వైపు తీరాలు అలలతో ఉంటాయి, పడమటి వైపు నిమ్మళంగా ఉంటాయి. హేవ్‌లాక్‌లో రాధానగర్ పడమట ఉంది, కాలాపత్థర్ తూర్పున ఉంది. అమ్మానాయనలను నీళ్లలోకి దింపాలంటే రాధానగర్. కాలాపత్థర్‌లో ఒడ్డున కూర్చుని చూడడం బాగుంటుంది. నీల్‌లో, అంటే ఇప్పటి షహీద్ ద్వీప్‌లో, లక్ష్మణ్‌పూర్ దగ్గర రాతి వంతెన చూడాలంటే పాటు సమయం కావాలి, నీళ్లు వెనక్కి తగ్గినప్పుడే నడిచి వెళ్లగలరు. అమావాస్య, పౌర్ణమి చుట్టూ పోటు పాట్లు పెద్దవి. రాళ్ల మీద నాచు జారుతుంది, మోకాళ్ల నొప్పులున్న అమ్మను అక్కడికి తీసుకెళ్లకండి. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్న బీచ్‌లో, ఎవరు ఏమీ కాదన్నా సరే, నీళ్లలో దిగవద్దు.

బోటులో అమ్మను మధ్యలో, కింది వరుసలో కూర్చోబెట్టండి. ఊపు ముందు భాగంలో ఎక్కువ. పోర్ట్‌బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్ ఈశాన్యంగా ఉంది, కాబట్టి చలికాలంలో వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక గాలి. వెళ్లేటప్పుడు కుదుపు ఎక్కువ అనిపిస్తే వచ్చేటప్పుడూ అలాగే ఉంటుందని భయపడకండి. వాంతుల మాత్ర బోటెక్కాక వేసుకుంటే పనిచేయదు, ముందే వేసుకోవాలి. బీపీ, షుగర్ మందులు వాడుతుంటే ఏ మాత్ర అన్నది మీ డాక్టరును అడిగి తీసుకెళ్లండి. ఖాళీ కడుపుతో ఎక్కకండి, పూరీలు తిని కూడా ఎక్కకండి, రెండు ఇడ్లీలు చాలు.

స్వెట్టర్లు ఇంట్లోనే వదిలేయండి. డిసెంబరులో మన దగ్గర తెల్లవారుజామున వణుకుతాం, మధ్యాహ్నం ఎండకు చెమట పడుతుంది, రాత్రికీ పగలుకూ పన్నెండు పదమూడు డిగ్రీల తేడా. అక్కడ పగలు 29, 30, రాత్రి 23, 24. తేడా ఆరేడు డిగ్రీలే. చలి ఉండదు, ఉక్క ఉంటుంది. పలచని నూలు బట్టలు, తొందరగా ఆరేవి. మీ నాయన పంచె కడితే ఇంకా మంచిది. మన ఎండ కంటే తక్కువ అనిపిస్తుంది కానీ నీళ్ల మీద నుంచి తిరిగి కొట్టే ఎండ చర్మాన్ని కాల్చేస్తుంది, మబ్బు పట్టిన రోజు కూడా. టోపీ మరవద్దు.

ఇంకొకటి, వాతావరణం కాదు గానీ వారం మొత్తాన్ని మార్చేస్తుంది. అక్కడి గడియారం మనదే, సూర్యుడు మాత్రం ప్రొద్దుటూరు కంటే దాదాపు గంట ముందుంటాడు. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే పొద్దు గూకుతుంది, ఐదున్నరకు చీకటి. పొద్దున ఐదున్నరకు తెల్లారిపోతుంది. పదింటికి తీరిగ్గా బయల్దేరేవాళ్లకు అండమాన్‌లో సగం రోజే మిగులుతుంది. పొద్దున ఆరుకే బయటపడండి. తెల్లవారుజాము జల్లు అప్పటికి వెలిసి ఉంటుంది, పగటి ఉక్క ఇంకా మొదలవదు.

ఆ మూల కార్తె వారంలో ఇంకొక సంగతి జరిగింది. ఏడో రోజు రాత్రి, అక్కడ ఆకాశం నిండా చుక్కలు కనిపిస్తుండగా మా నాయనకు ఫోన్ చేశాను. అల్పపీడనం పడమటికి కదిలి నైరుతి బంగాళాఖాతంలోకి పోయిందని ఆఫీసులో చూశాను. "నాయనా, రెండు రోజుల్లో మనకు ముసురు పట్టొచ్చు, కల్లంలో కంది ఉంటే పట్టలు కప్పించు" అన్నాను. "ఇక్కడ చుక్కలు కనపడతాండాయి, వాన ఎట్లొస్తాది?" అన్నాడు, బావ మాటే. కానీ ఈసారి నేను ఊరుకోలేదు, అరగంట ఫోన్‌లో బతిమాలి పట్టలు కప్పించాను. మూడో రోజు పొద్దున ఆయనే ఫోన్ చేశాడు, మబ్బు దిగింది, సన్నగా మొదలైంది, కంది పైకెత్తించాం అని. మీ ఊళ్లో పెన్నా ఒడ్డున పొలాల్లో ఈ డిసెంబరులో శనగ పూత మీద ఉంటుంది కదా. మీరు అండమాన్‌లో ఉండగా అక్కడ గాలి ఆగ్నేయానికి తిరిగి వాన వెలిసిందంటే, ఊళ్లో ఎవరికైనా ఒక ఫోన్ చేయండి. ప్రతిసారీ మన దాకా రాకపోవచ్చు, తమిళనాడు వైపు పోవచ్చు, సముద్రంలోనే చెదిరిపోవచ్చు. అయినా ఒక మాట చెప్పి ఉంచడంలో నష్టం లేదు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన రోజును కడప జిల్లా వాళ్లకు నేను గుర్తు చేయక్కర్లేదు. ఆ వానలు తెచ్చింది కూడా బంగాళాఖాతంలోని వాయుగుండమే.

బయల్దేరే నాలుగు రోజుల ముందు బులెటిన్‌లో దక్షిణ అండమాన్ సముద్రం గురించి ఏమి రాశారో చూసి, ఆ వాక్యాన్ని ఇక్కడ పెట్టండి. మీ బోటు ఏ రోజు, ఏ వేళకో కూడా రాయండి. నేనూ చూసి, రోజుల వరుస మార్చుకోవాలో వద్దో అదే రోజు జవాబు రాస్తాను.